అరువిచ్చిన చెయ్యి

…అయినా ఆయన భీమా అన్నాడు, చెయ్యి తుంగభద్ర అని రాసింది, మరి ఈ రెండింటి నడుమ తను ఎక్కడుంది? వర్ష ఆ మాట వైపు చూడకుండా దాని పక్కన మిగిలిన తెల్లటి ఖాళీని చూసింది. జెల్ పెన్ను సిరా ఇంకా తడిగా మెరుస్తోంది. 'కృష్ణా, తుంగభద్రా నదుల మధ్య ఉన్న సారవంతమైన భూభాగమే రాయచూరు అంతర్వేది.' చక్కగా కుదిరిన వాక్యం. అందులో ఒక్క మాట మాత్రం చెప్పినవాడిది కాదు.

"రాసినవా చెల్లె?"

"రాసిన అన్నా."

శివశంకర్ వెంటనే తరువాతి వాక్యం చెప్పలేదు. తల కొంచెం పక్కకు వంచి ఆగాడు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు, కానీ పెన్ను చప్పుడు ఆయనకు తెలుస్తుంది. భీమా చిన్న మాట. తుంగభద్రా దానికి రెండింతలు. కాగితం మీద తన పెన్ను ఎంతసేపు గీరిందో ఆ చెవి కొలుస్తోందేమోనని వర్ష పెన్ను కాగితం మీంచి ఎత్తి పట్టుకుంది.

"ఫుల్ స్టాప్ పెట్టు. పేరా మార్చు," అన్నాడు ఆయన చివరికి. మళ్లీ పరీక్ష గొంతు ఎత్తుకున్నాడు. మాట్లాడేటప్పుడు ఆయనది ఇటిక్యాల గొంతు. చెప్పి రాయించేటప్పుడు మాత్రం పుస్తకం అట్ట తెరిచినట్టు వేరే మనిషి వస్తాడు. "ఈ భూభాగంపై ఆధిపత్యం కోసం ఇరు రాజ్యాలు దాదాపు రెండు శతాబ్దాల పాటు సంఘర్షించాయి."

చెయ్యి రాసుకుంటూ పోయింది. వర్ష మాత్రం వెనుక పేరాలోనే ఉండిపోయింది.

వనపర్తి కాలేజీలో ఇది ఆమె రోజూ కూర్చునే గది. వృక్షశాస్త్రం ల్యాబు. చూపులేని విద్యార్థికి విడిగా గది ఇవ్వాలి, కింది అంతస్తులో ఉండాలి, ఇంకెవరూ ఉండకూడదు కాబట్టి దీన్నే ఇచ్చారు. గోడల మీద ఎండబెట్టి అతికించిన ఆకులు, అల్మారాలో సీసాలు. పొద్దున లోపలికి రాగానే శివశంకర్ ముక్కు ఎగబీల్చి, "ఏందిది, దవాఖానకు తీసుకొచ్చినవా?" అన్నాడు.

"పక్క ల్యాబువాళ్లు ఈడ సీసాలల్ల కప్పలు పెట్టినరన్నా. దాని మందు వాసన."

"కప్పలు గూడ బ్యాక్‌లాగు రాస్తున్నయా?"

"అవి ఎప్పుడో పాసై పోయినయ్."

"అదృష్టవంతులు," అని కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. అప్పుడు ఇద్దరూ నవ్వారు. ఇన్విజిలేటర్ స్వరూప మేడం కూడా నవ్వాపుకుని, నియమాల కాగితం తీసి గట్టిగా చదివింది. లేఖకురాలు అభ్యర్థి చెప్పినదే రాయాలి. ఏ విషయమూ సూచించకూడదు, సరిదిద్దకూడదు, పరీక్షకు సంబంధించి ఏమీ మాట్లాడకూడదు. అభ్యర్థి అడిగితే రాసినది చదివి వినిపించవచ్చు. అన్నీ వింటూ వర్ష తల ఊపింది. ఇంతేనా అనుకుంది.

ఇంతే. వినడం, రాయడం. జగదీశ్ సారు కూడా అలాగే చెప్పాడు. ఆయన కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. చూస్తాడు. ఈ యేడు వలంటీర్లంతా మొక్కలు నాటడం, బడి గోడలకు సున్నం వెయ్యడం, ర్యాలీ తీయడం అని పంచుకుంటుంటే సారు మధ్యలో ఆపి, "చేతిరాత మంచిగున్నది ఎవరిదిరా?" అని అడిగాడు. అందరూ వర్ష వైపు చూపించారు. ఒక చూపులేని అబ్బాయికి పరీక్ష రాసిపెట్టాలి అన్నాడు.

"నాకు హిస్టరీ అస్సలు రాదు సార్."

"రాకపోవడమే నీ అర్హతమ్మా. వచ్చినోళ్లను పెట్టనియ్యరు."

ఆ మాటకు అందరూ నవ్వితే తనూ నవ్వింది. మొక్కలు నాటినవాళ్లకు తరువాత చూసుకోవడానికి మొక్క ఉంటుంది, సున్నం వేసినవాళ్లకు గోడ ఉంటుంది, ర్యాలీ తీసినవాళ్లకు బ్యానరు పట్టుకుని దిగిన ఫోటో ఉంటుంది. తన సేవకు ఏమీ మిగలదు. మిగలకూడదు కూడా. ఆ రోజు అదేమంత కష్టంగా తోచలేదు.

"తరువాతి కారణం. రాయి," అన్నాడు శివశంకర్. బొటనవేలితో వేళ్ల కణుపులు తాకుతూ పాయింట్లు లెక్క పెట్టుకుంటున్నాడు. "వజ్రపు గనులు, ఓడరేవులపై నియంత్రణ."

రాసింది.

భీమా ఎలా వచ్చిందో వర్షకు అర్థమవుతూనే ఉంది. దానికి ముందు వాక్యంలో ఫిరోజ్ షా గురించి చెప్పాడు, భీమా నది ఒడ్డున ఫిరోజాబాదు కట్టించాడని చెప్పాడు. నాలుక మీద ఆ నది తడి ఆరకముందే ఇంకో నది అవసరం పడింది. అంతే. తెలియక కాదు. తెలియక కాదని తనకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే పొద్దున బస్సులో ఆయనే చెప్పాడు.

బస్సు గద్వాల నుంచి వస్తుంది. వర్ష అక్కడే ఎక్కింది. ఎర్రవల్లి చౌరస్తాలో శివశంకర్, వాళ్ల అమ్మ వెంకటమ్మ నిలబడి ఉన్నారు. వెంకటమ్మ కొడుకును బస్సెక్కించి, కిటికీలోంచి ఉడకబెట్టిన పల్లికాయల సంచి వర్ష ఒళ్లోకి తోసింది.

"బిడ్డా, మావోడు జల్ది జల్ది చెప్తడు. నువ్వు పరేషాన్ గాకు. మెల్లగ చెప్పురా అని గదమాయించు."

"అమ్మా, ఆమె నన్ను గదమాయిస్తే బయట గుంజి పడేస్తరు," అన్నాడు శివశంకర్.

"గట్లెట్ల పడేస్తరు? ఆడపిల్ల మాట యినకపోతె పడేస్తరు గని."

బస్సు కదిలింది. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారింది. శివశంకర్ మాట మధ్యలో ఆపి, "నడిగడ్డ అయిపోయింది," అన్నాడు. వర్ష కిటికీలోంచి చూసింది. కింద బండల మధ్య నీళ్లు పచ్చగా, నింపాదిగా ఉన్నాయి.

"మీకెట్ల తెలుస్తది అన్నా?"

"కింద నేల లేకుంటే బస్సుకు గూడ భయమైతది. చప్పుడు మారుతది." కాసేపాగి, "ఈ దిక్కు కృష్ణ, ఆ దిక్కు తుంగభద్ర. నడిమిట్ల మనం. ఎన్కట రాజులు కొట్లాడుకున్నది మన గడ్డ కోసమే చెల్లె. ఇయ్యాల వస్తే ఎవ్వడు కొట్లాడడు," అన్నాడు.

అలా అన్న మనిషికి తెలియదా? తెలుసు. తెలిసినదాన్నే తను రాసింది. ఆయన మనసులో ఉన్నదాన్నే రాసింది. అయితే తప్పేముంది? తన చెయ్యి ఆయన నోటిని దాటి ఆయన మనసుకే విధేయంగా ఉంది, అంతే కదా?

ఈ వాదన బాగుంది. మరీ బాగుంది. వర్ష దాన్ని నమ్మలేకపోయింది. ఇలాంటి వాదనలు తనకు ఎప్పుడూ క్షణంలో దొరుకుతాయి.

"రాసినవా?"

"ఆఁ. ఓడరేవులపై నియంత్రణ."

పోయిన ఆదివారం ఇటిక్యాలలో వాళ్ల ఇంటి ముందు అరుగు మీద ఒకసారి సాధన చేశారు. శివశంకర్ ఏదో ఒక జవాబు చెప్తూ, "అక్బర్ మత సహనాన్ని పాటించాడు," అన్నాడు. వర్ష రాసింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"నేను జెప్పింది చిన్న ముక్క. నీ పెన్ను పొడుగ్గ నడిచింది. ఏం కలిపినవ్?"

వర్ష సిగ్గుపడుతూ చెప్పింది. "అక్బర్ చక్రవర్తి అని రాసిన."

"చక్రవర్తిని నువ్వు జేసినవా ఆయన్ని?"

లోపల్నుంచి వెంకటమ్మ, "పోనీరా, మంచిగనే రాసింది గద! పెద్దాయనకు మర్యాద ఇచ్చింది," అని అరిచింది.

"మర్యాద ఇస్తె ఇచ్చింది గని అమ్మా, అది నా మర్యాద గాదు గద." అప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. "చెల్లె, నీ తెలివి పరీక్ష రోజు ఇంట్లనే పెట్టి రా. కోపం జేసుకోకు. నీ కత నాకు తెల్వదు గని, నా కత చెప్త విను."

చెప్పాడు. పోయినసారి ఇదే పేపరు ఇంకొక పిల్లవాడు రాసిపెట్టాడు. మంచివాడే. పరీక్షకు ముందు రోజు చాయ్ తాగించాడు, తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండు దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కానీ శివశంకర్ చెప్పినవి వాడికి పేలవంగా అనిపించాయి. తనకు తోచినట్టు అందంగా మార్చి రాశాడు. తప్పు అనుకున్నచోట దిద్దాడు. ఆ దిద్దినవే తప్పు అయ్యాయి. పేపరు పోయింది. వాడే తరువాత ఏడుస్తూ ఫోన్ చేసి ఒప్పుకున్నాడు.

"నేను ఫెయిలైతె నాకు బాధ లేకుండె. మల్ల చదువుకుంటుంటి. కని ఫెయిలైంది ఆ పిల్లగాడు, నా పేరు మీద. ఏం చదువుకోవాలె నేను మల్ల? నాకేం వస్తది, ఏం రాదు, నాకే తెల్వకుండ చేసిండు." పల్లికాయ ఒకటి ఒలిచి, గింజలు వర్ష చేతిలో పెట్టాడు. "ఇదొక్కటే మిగిలింది. ఇది పోతే బి.ఎడ్. ఎంట్రన్సు ఈ యేడు గూడ లేదు. అయినా సరే, పోతే నేనే పోగొట్టుకోవాలె. వస్తె నేనే తెచ్చుకోవాలె. గంతే."

వర్ష తల ఊపింది. ఆయనకు కనిపించదని గుర్తొచ్చి, "సరే అన్నా," అంది.

సరే అంది. ఆ సరేకు ఇప్పుడు ఒక్క పేజీ వెనక, నీలి సిరాతో ఒక చిల్లు పడింది.

స్వరూప మేడం లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట ఎండలో ఎవరో బండి స్టార్ట్ చేయలేక తన్నుతున్నారు. తన్ని, ఆగి, మళ్లీ తన్ని. శివశంకర్ ఆ చప్పుడు తగ్గేదాకా ఆగాడు. ఎంత బాగా ఆగుతాడు ఈయన, అనుకుంది వర్ష. తనకు ఆగడం రాదు. ఎప్పుడూ రాలేదు.

గద్వాలలో బస్టాండు వెనుక వాళ్ల నాన్న కృష్ణయ్యకు మోటర్ వైండింగ్ షాపు ఉంది. ధరూర్ వైపు ఊళ్ల నుంచి రైతులు కాలిపోయిన మోటర్లు ఆటోల్లో వేసుకుని వస్తారు. నాన్నకు మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గర ఇరుక్కుంటుంది. చిన్నప్పటి నుంచి బడి అయిపోగానే వర్ష షాపులో కూర్చునేది. నాన్న మాట ఇరుక్కోగానే మిగతాది తనే చెప్పేసేది. రేపు రమ్మంటున్నాడు. రాగితీగ మొత్తం పోయిందంటున్నాడు. "పోరి మస్తు హుషారున్నదే కృష్ణయ్యా," అనేవాళ్లు రైతులు. కొన్నాళ్లకు వాళ్లు నాన్న జవాబు కోసం చూడటం మానేశారు. ప్రశ్న ఆయనకు, చూపు తన వైపు. నాన్న తీగ చుట్టుకుంటూ ఉండేవాడు. ఒక్కసారి కూడా కోప్పడలేదు.

ఆ షాపులో తను చేసినది సాయమేనా? ల్యాబులో, సీసాల కప్పల ఎదురుగా, ఎవరిదో రెండు శతాబ్దాల యుద్ధం రాస్తూ, వర్షకు మొదటిసారి ఆ ప్రశ్న వచ్చింది. నాన్న ఇరుక్కున్న ఆ రెండు క్షణాల నిశ్శబ్దం నాన్నను బాధించేదో లేదో తనకు ఏనాడూ తెలియదు. తనను మాత్రం బాధించేది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది. దాన్ని దించుకోవడానికి మాట అందించేది. ఇందాక కూడా అంతే. భీమా అన్న మాట చెవిలో పడగానే ఒంట్లో ఎక్కడో చిన్న ముల్లు దిగినట్టైంది. దాన్ని పీకి పారేసింది. శివశంకర్ గురించి ఆలోచించనే లేదు. ఆయన గురించిన ఆలోచన తరువాత, వాదనలా వచ్చింది.

ఇప్పుడు ఆయనకు చెప్పడానికి వీల్లేదు. నోరు తెరిస్తే సూచించినట్టే. మేడం విన్నదంటే ఆయన పరీక్షే ఆగిపోవచ్చు. కొట్టేసి భీమా అని రాద్దామంటే, ఆ గీత చప్పుడు ఆయన వింటాడు. ఏం కొట్టేశావని అడుగుతాడు. చెప్పకుండా వదిలేస్తే? అప్పుడు ఆయన పాసవుతాడేమో. పాసైతే నేనే తెచ్చుకున్నానని పల్లికాయలు పంచుతాడు. ఆ కాయలు తను ఎలా తింటుంది?

ఒక మాటే కదా. ఒక్క మాటకు మార్కులేం పోతాయి. అయితే ఆ పిల్లవాడు కూడా మొదటి పేజీలో ఇలాగే అనుకుని ఉంటాడు.

చివరి జవాబు మొదలైంది. వర్ష ఒకటి గమనించింది. తను మెల్లగా రాస్తోంది. అక్షరాలు గుండ్రంగా, తీరుబడిగా పడుతున్నాయి. ఎందుకో తెలియగానే చెవులు వేడెక్కాయి. రాయడం అయ్యాక సమయం మిగిలితే మొత్తం ఒకసారి చదివి వినిపించమని ఆయన ముందే చెప్పాడు. సమయం మిగలకూడదని తన చెయ్యి కోరుకుంటోంది. ఇదేం చెయ్యి. ఆయనకు అరువిచ్చాక కూడా తన పనే చేసుకుంటోంది.

పెన్ను గట్టిగా పట్టుకుని వేగం పెంచింది.

"…అని చరిత్రకారుల అభిప్రాయం. ఫుల్ స్టాప్. కింద గీత గియ్యి. అయిపోయింది." శివశంకర్ వెనక్కి వాలి వేళ్లు విరుచుకున్నాడు. "మేడం, ఇంక ఎంతసేపుంది?"

"మీకు అదనపు టైం ఉంది కదా బాబూ. చాలా ఉంది. తొందర పడకండి."

"ఐతె చదువు చెల్లె. మొదట్నుంచి."

వర్ష మంచినీళ్లు తాగి మొదటి పేజీ తిప్పింది. చదవడం మొదలుపెట్టింది. శివశంకర్ కళ్లు మూసుకుని, చెయ్యి బల్ల మీద పరిచి వింటున్నాడు. తన మాటలు ఇంకొకరి గొంతులోంచి వస్తుంటే ఆయన ముఖం కొద్దికొద్దిగా మారుతోంది. ఒకచోట పెదవి విరిచాడు. ఒకచోట తనకు తానే మెచ్చుకుంటున్నట్టు "ఊఁ" అన్నాడు.

"జర ఆగు. ఆడ 'ముఖ్యంగా' రెండుసార్లొచ్చింది. రెండోది కొట్టెయ్."

వర్ష సన్నగా గీత గీసింది.

"కొట్టినవా?"

"కొట్టిన."

"నాకు వినవడలే. గట్టిగ కొట్టు. నాకు కనవడేది గదే."

ఆమె ఇంకోసారి గీసింది. కాగితం గర్రుమంది. ఆయన సంతృప్తిగా తల ఊపాడు. స్వరూప మేడం దగ్గరికి వచ్చి కొట్టివేతను చూసి, ఏమీ అనకుండా మళ్లీ కుర్చీకి వెళ్లింది.

మూడో జవాబు వచ్చింది. విజయనగర, బహమనీ రాజ్యాల మధ్య సంఘర్షణకు కారణాలు. వర్ష గొంతు తనకే వినిపిస్తోంది, పక్క గదిలోంచి వచ్చినట్టు. ఫిరోజ్ షా వచ్చాడు. భీమా ఒడ్డున ఫిరోజాబాదు కట్టాడు. తరువాతి వాక్యం పేజీలో కుడివైపు, కింద, ఎదురుచూస్తూ ఉంది.

కాగితం మీద ఉన్నది చదివితే ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఆయన చెప్పింది చదివితే కాగితానికీ తన నోటికీ పొంతన ఉండదు. ఒకటి ఆయనను మోసం చేయడం. రెండోది? రెండోదానికి పేరు లేదు. కానీ అడిగింది ఆయన. తను ఏం చెప్పాడో వినాలని అడిగాడు. ఆయన విని ఊరుకుంటే, అప్పుడు తను తుంగభద్రను కొట్టేసి భీమా అని రాస్తుంది. గట్టిగానే కొట్టేస్తుంది. తప్పు అని తెలిసినదాన్ని తన అందమైన చేతిరాతతో రాస్తుంది. అలా అనుకోగానే ఒంట్లో ముల్లు మళ్లీ కదిలింది. ఈసారి దాన్ని పీకలేదు. ఉండనిచ్చింది.

"కృష్ణా, భీమా నదుల మధ్య ఉన్న సారవంతమైన భూభాగమే రాయచూరు అంతర్వేది."

కళ్లు తుంగభద్రా మీద ఉన్నాయి. నాలుక భీమా అంది.

శివశంకర్ కదల్లేదు.

"ఊఁ," అన్నాడు. "తరువాత?"

సరే. అయిపోయింది. వర్ష ఊపిరి వదిలి తరువాతి పేరా ఎత్తుకుంది. "ఈ భూభాగంపై ఆధిపత్యం కోసం ఇరు రాజ్యాలు…" ఈ జవాబు పూర్తికాగానే వెనక్కి వెళ్లి రాస్తుంది. ఆయన అడిగితే, భీమా అని సరిచేశానని చెప్తుంది. మేడం వింటే విననీ. విచిత్రంగా, అలా నిశ్చయించుకోగానే గొంతు తేలికపడింది. తప్పు కూడా మనిషి సొంతమే. దాన్ని కూడా ఇంకొకరు తీసుకోకూడదు. "…దాదాపు రెండు శతాబ్దాల పాటు సంఘర్షించాయి. తరువాతి కారణం, వజ్రపు గనులు…"

"ఆగాగు."

బల్ల మీద పరిచిన ఆయన చెయ్యి లేచింది.

"యెనుకకు పో. నదుల కాడికి పో. ఏం రాయించిన నేను?"

"కృష్ణా, భీమా నదుల మధ్య…" అంది వర్ష.

శివశంకర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తరువాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని ఆమె భయపడింది. ఆయన నవ్వుతున్నాడు.

"భీమానా! నేనన్ననా? అమ్మో! నడిగడ్డల పుట్టి, పొద్దుగాల ఏరు దాటొచ్చి, భీమా అంటినా! మా అమ్మ వింటే ఇయ్యాల బువ్వ పెట్టది."

"మెల్లగా బాబూ," అంది స్వరూప మేడం. ఆమె గొంతులోనూ నవ్వు ఉంది.

"గాదు మేడం, ఆ ఫిరోజ్ షా జేసిన పని. ఊరు కట్టుకునేటోడు కట్టుకోక, నన్ను గూడ భీమా ఒడ్డుకు గుంజుకపోయిండు." కళ్లు తుడుచుకున్నాడు. ఆ మూసిన కళ్ల చుట్టూ చిన్న చిన్న ముడతలు పడ్డాయి. "చూసినవా చెల్లె, నాలుక ఎంత పని జేస్తదో? మంచిగ చదివినవ్. పోయినసారి ఇట్ల నా తప్పు నాకు ఎవ్వరు చదివిపెట్టలే."

వర్ష పేజీ అంచు సవరించింది. ఏం చెప్పినా నియమానికి విరుద్ధమే, అది మంచిదైంది. ఆయన దగ్గర అన్నీ ఉన్నాయి. తప్పు ఉంది, తప్పును పట్టుకునే చెవి ఉంది, రెండింటి మధ్య కాస్త ఆలస్యం ఉంది. ఆ ఆలస్యం ఒక్కటే తను భరించాల్సింది. ఇంకేమీ అక్కర్లేదు. ఎంత చిన్న పని. చిన్నప్పటి నుంచి ఎంత పెద్ద బరువు మోస్తున్నానని అనుకుంది, ఎవరూ మోయమని అడగనిది.

షాపులో నాన్న గుర్తొచ్చాడు. చేతుల్లో రాగితీగ, పెదవుల మీద మొదటి అక్షరం. ఆ అక్షరం తరువాత ఆయన ఏం చెప్పాలనుకునేవాడో. సాయంత్రం బస్సు దిగి అటు నుంచే వెళ్లాలి. ఊరికే కూర్చోవాలి.

బయట బండి ఎట్టకేలకు స్టార్ట్ అయింది. ఆ చప్పుడు గేటు దాటి వెళ్లిపోయేదాకా శివశంకర్ ఆగాడు.

"కొట్టెయ్ చెల్లె. భీమా కొట్టేసి, తుంగభద్రా అని రాయి." తల పక్కకు వంచి, చెవి కాగితం వైపు తిప్పాడు. "వినవడాలె."

వర్ష పెన్ను మూత తీసింది. కాగితం మీద భీమా లేదు. ఆయన చెవి ఎదురుచూస్తోంది. ఆమె తుంగభద్రా మీద అడ్డంగా, గర్రుమనేలా ఒక గీత గీసింది. దాని పైన, ఆయన చెప్పినట్టే, తుంగభద్రా అని రాసింది.